కొండల్లేని ఊళ్లో రెండు కొండలు

ఆఖరి బెంచీలో గోడవైపు కూర్చోండి. కిటికీవైపు వద్దు, రెక్క ఊడిపోయింది, జల్లు కొడితే తడుస్తారు. శ్రావణమాసం మధ్యాహ్నం. భోజనాలై పావుగంట కూడా కాలేదు. కుళాయి దగ్గర కంచాలు కడుగుతున్న చప్పుడు ఇంకా వినబడుతూనే ఉంది, పిల్లల చేతులు ఇంకా సాంబారు వాసనేస్తున్నాయి. పైన రేకుల మీద వాన ఒక్కసారిగా పెద్దదై మాట వినబడనివ్వదు, అంతలోనే సన్నబడుతుంది. కోనసీమలో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు ఇది. ఏడో తరగతి, బి సెక్షను. రిజిస్టర్లో 41 పేర్లున్నాయి, ఇవాళ 36 మంది వచ్చారు.

నేను వీళ్ల డ్రాయింగు మాస్టార్ని. ఈ తరగతికి వారానికి రెండు పీరియడ్లు. ఈ ఏడాది హెడ్మాస్టారిని బతిమాలి రెండూ గురువారం మధ్యాహ్నమే వరసగా వేయించుకున్నాను. మొత్తం 80 నిమిషాలు. విడివిడిగా నలభయ్యేసి నిమిషాలైతే పెన్సిళ్లు చెక్కుకోవడానికీ, రబ్బరు కోసం కొట్టుకోవడానికీ సరిపోతుంది. చూడ్డానికి టైముండదు. డ్రాయింగులో ఎక్కువ టైము పట్టేది గీయడానికి కాదు, చూడ్డానికి.

"కూర్చోండర్రా. అట్టలు తియ్యండి. ఎవరికి నచ్చిన బొమ్మ వాళ్లు వెయ్యండి. పది నిమిషాలు."

జామెట్రీ బాక్సుల మూతలు టపటపా లేచాయి. స్కేళ్లు బయటికొచ్చాయి. ఎవరూ కిటికీలోంచి బయటికి చూడలేదు, పక్కవాడి మొహం చూడలేదు. బొమ్మ చేతిలోనే తయారుగా ఉన్నట్టు తలలు వంచేశారు. ఇప్పుడు లేచి నాతోపాటు ఈ బెంచీల మధ్య నడవండి. అడుగు చూసుకోండి, సంచులు కిందే పెట్టారు.

మొదటి షీటు చూడండి. రెండు కొండలు. వాటి మధ్యలోంచి సగం పైకొచ్చిన సూర్యుడు, చుట్టూ స్కేలు పెట్టి గీసిన కిరణాలు. కొండల మధ్య నుంచి మెలికలు తిరుగుతూ ఒక ఏరు. ఏటి పక్కన ఒక పెంకుటిల్లు, ఇంటి పక్కన అయిదు మట్టల కొబ్బరిచెట్టు. ఆకాశంలో టిక్కులు పెట్టినట్టు నాలుగు పిట్టలు. రెండో షీటు: రెండు కొండలు, సూర్యుడు, ఏరు, ఇల్లు. మూడోదానిలో ఏట్లో ఒక పడవ ఎక్కువుంది. నాలుగోదానిలో మూడు కొండలు. ముప్పాతిక మంది ఇదే బొమ్మ వేస్తున్నారు. శ్రద్ధగా, నాలిక పంటికింద పెట్టుకుని వేస్తున్నారు. ఈ బొమ్మ మీరూ వేసే ఉంటారు. నేనూ వేశాను. మా నాన్నగారి పాత నోటుబుక్కు చివరి పేజీలోనూ ఇదే ఉంది.

"ఈ కొండలెక్కడున్నాయిరా?" అని మూడో బెంచీ కుర్రాణ్ణి అడిగాను.

"ఊరికేనండి."

"మనూళ్లో ఉన్నాయా?"

"లేవండి."

"ఎక్కడైనా చూశావా?"

కాసేపు ఆలోచించి, "టీవీలోనండి" అన్నాడు.

గౌతమికీ వశిష్ఠకీ మధ్య పరుచుకున్న ఒండ్రునేల ఇది. ఇక్కడ కంటికెదురుగా ఉండేవి ఏటిగట్టు, కాలవగట్టు, లాకులు, కొబ్బరితోటలు, చేలు, వాటి మీదికి దిగిన మబ్బు. ఇలాంటి కొండలు చూడాలంటే రాజమండ్రి దాటి పాపికొండల దాకా పోవాలి. పుట్టి పన్నెండేళ్లుగా ఈ నేల మీద తిరుగుతున్న పిల్లలు, బొమ్మ వెయ్యమనగానే తామెన్నడూ చూడని కొండల్ని తెచ్చి నిలబెడుతున్నారు. ఎదురుగా ఉన్న కాలవ వాళ్లకి బొమ్మగా తోచదు. బొమ్మంటే ఇలా ఉండాలి కాబోలని ఎవరో చెప్పారు, వాళ్లకి మరెవరో చెప్పారు.

ఈ వయసులోనే దీన్ని పట్టుకోవాలి. అయిదేళ్ల పిల్లని అడగండి, అమ్మని ఇంటికంటే పెద్దగా వేసి సంతోషంగా తెచ్చి చూపిస్తుంది. ఏడో తరగతికొచ్చేసరికి అదే పిల్ల షీటు మీద చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. వియన్నాలో చూపులేని పిల్లలకి మట్టిబొమ్మలు నేర్పి, ఆ తర్వాత అమెరికా వెళ్లిపోయిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే ఆయన 1947లో ఒక పుస్తకం రాశాడు. పిల్లల బొమ్మలు వయసునుబట్టి ఎలా మారతాయో అందులో అంచెలంచెలుగా చెప్పాడు. తొమ్మిది నుంచి పదమూడేళ్ల మధ్య పిల్లలకి తాము వేసింది అసలుదానిలా ఉందా లేదా అన్న పట్టింపు మొదలవుతుంది. కన్ను ఎదుగుతుంది, చెయ్యి ఇంకా అందుకోలేదు. ఆ సందులోనే "నాకు రాదు" అన్న మాట పుడుతుంది. చాలామంది ఆ మాట దగ్గరే ఆగిపోయి, పెన్షను తీసుకునే వయసులో కూడా అదే అంటారు. రెండు కొండల బొమ్మ ఆ పిల్లలకి ఒక గొడుగు. దాని కింద తప్పు రాదు, ఎవరూ నవ్వరు. అందుకే దాన్ని వెక్కిరించను. పక్కన పెట్టిస్తాను, అంతే.

"షీటు తిరగెయ్యండి. పెన్సిలు కుడిచేత్తో పట్టుకోండి. ఎడంచెయ్యి బల్లమీద పెట్టి చూడండి. ఎడంచేతివాటం వాళ్లు కుడిచెయ్యి చూడండి. ఇప్పుడు చెయ్యి గీయాలి. షీటు వంక మాత్రం చూడకూడదు."

తరగతంతా నవ్వులు. "చూడకుండా ఎలాగండీ?"

"చీమ పాకుతోందనుకోండి మీ చేతి అంచు వెంట. దాని వెనకాలే మీ కన్ను నడవాలి. కన్ను నడిచినంతే పెన్సిలు నడవాలి. తొందరేం లేదు."

నికొలైడిస్ అనే అమెరికా డ్రాయింగు మాస్టారు న్యూయార్కులో తన విద్యార్థుల చేత ఇదే చేయించేవాడు. ఆయన పోయాక, 1941లో ఆ పాఠాలు పుస్తకంగా వచ్చాయి. నేనది కొనుక్కుని చదివింది ఉద్యోగంలో చేరిన పదేళ్లకి. డ్రాయింగు లోయరూ హయ్యరూ పరీక్షలు పాసయ్యాను, వేసవి ఎండల్లో టీటీసీ ట్రైనింగు చేశాను. కూజా మీద నీడ ఎటు పడాలో నేర్పారుగానీ ఇలా చూడొచ్చని మాకెవరూ చెప్పలేదు.

ఇప్పుడు చెవి పెట్టి వినండి. నవ్వులు ఆగిపోయాయి. 36 మంది ఏడో తరగతి పిల్లలు, భోజనం తర్వాత, మాటా పలుకూ లేకుండా ఎవరి చెయ్యి వాళ్లు చూసుకుంటున్నారు. కాయితం మీద పెన్సిలు గీరుకుంటున్న చప్పుడు, రేకుల మీద వాన. ఈ రెండో బెంచీ పిల్ల వేళ్లు చూడండి. ఆషాఢంలో పెట్టుకున్న గోరింటాకు. గోరు పెరిగి, ఎరుపు సగానికి జరిగి, కొస మీద నెలవంకలా మిగిలింది. ఆ పిల్ల దాన్ని ఇప్పుడే గమనించింది. పెన్సిలు ఆగింది. షీటు చూడకుండానే గోరు మీద ఆ వంపు దిద్దింది. వెనక బెంచీ కుర్రాడికి బొటనవేలి కింద తెల్లటి మచ్చ, కొబ్బరికాయ కొడుతూ కత్తి తగిలిందట. దాన్ని గీయాలా అని సైగతో అడిగాడు. తలూపాను.

అయిదు నిమిషాలయ్యాక చూసుకోమన్నాను. గొల్లుమన్నారు. బొటనవేలు మణికట్టు దగ్గరికి పోయింది, చిటికెనవేలు అంచు దాటి బల్లమీదికొచ్చింది. కానీ ఒక్కో వేలు విడిగా పట్టి చూడండి. ఈ కణుపు దగ్గర ముడతలు, గోటి పక్కన ఉబ్బు, అరచేతి మడత దగ్గర గీత కాస్త తడబడి మళ్లీ సర్దుకోవడం. రెండు కొండలు గీసిన చేతులేనా ఇవి అనిపిస్తుంది. ఒక్క గీత కూడా స్కేలు పెట్టి గీసింది కాదు.

నాలుగో బెంచీలో గోడవార కూర్చున్న పిల్ల షీటు మాత్రం ఖాళీ.

"ఏమ్మా?"

"నాకు రాదండి."

"పెన్సిలు లేదా?"

"ఉందండి. డ్రాయింగు రాదండి."

పక్కపిల్ల అందుకుంది. "దానికేదీ రాదండి మాస్టారండీ, రికార్డు కూడా నేనే ఏసిపెడతానండి."

రాదన్న పిల్ల కుడిచేతి వేళ్ల సందుల్లో తెల్లగా ఏదో కనబడుతోంది. ముగ్గు. పొద్దున్నది, కడుక్కున్నా పోలేదు.

"మీ వాకిట్లో ముగ్గెవరు పెడతారమ్మా?"

"నేనేనండి."

"ఇవాళేం పెట్టావు?"

తలెత్తింది. ఈ ప్రశ్నకి జవాబు తెలుసు. "పదిహేను చుక్కలు, సందుచుక్క, ఎనిమిదొచ్చేదాకా అండి. వానకి పోయిందండి."

సుద్దముక్క ఇచ్చి ముందు ఖాళీగా ఉన్న సిమెంటు గచ్చు చూపించాను. మొదట కదల్లేదు. తర్వాత లేచి, పరికిణీ సర్దుకుని కూర్చుంది. తరగతంతా బెంచీలెక్కి చుట్టూ మూగింది. మీరూ రండి, ఇది దగ్గరగా చూడాల్సిందే.

స్కేలు లేదు, దారం లేదు. ముందు నడిమి వరస. చెయ్యి ఒకే కొలతలో కదులుతోంది. టిక్, టిక్, టిక్, పదిహేను. వరస చివర చుక్క పెట్టాక వెనక్కి తిరిగి చూసుకోలేదు. దాని పైన పధ్నాలుగు, ఒక్కో చుక్కా కింది రెండు చుక్కల సందులోకి వచ్చేలా. పదమూడు. పన్నెండు. అలా ఎనిమిది దాకా. ఇటు తిరిగి కిందవైపు మళ్లీ పధ్నాలుగు నుంచి ఎనిమిది దాకా. నాలుగు నిమిషాల్లో గచ్చు మీద ఆరు మూలల తేనెపట్టులా చుక్కలు నిలబడ్డాయి. ఏ కోణంలోంచి చూసినా వరస తప్పలేదు. తర్వాత గీతలు. ఆరు రేకల పువ్వు మధ్యలో, దాని చుట్టూ ఆరు చిలకలు. ఒక చిలక గీస్తూ నోట్లో ఏదో లెక్క అనుకుంది, అంతే. మిగిలిన అయిదూ చెయ్యే గీసుకుపోయింది.

అదే సమయానికి బెల్లు కొట్టారు. మొదటి పీరియడు అయిపోయింది. గుమ్మంలో లెక్కల మాస్టారు. ఆయన ఎందుకొచ్చారో నాకు తెలుసు. "సిలబస్ వెనకబడిందండీ, ఈ రెండో పీరియడు నాకిస్తారా?" అని అడగడానికి. ఆయన చెడ్డమనిషి కాదు, పిల్లల కోసమే అడుగుతారు. నా సర్వీసులో ఇలా ఎన్ని పీరియడ్లు ఇచ్చానో లెక్క లేదు. డ్రాయింగు పీరియడంటే ఎవరైనా అరువడగదగ్గ పీరియడనే అభిప్రాయం అన్ని బళ్లలోనూ ఉంది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కళల్ని పదో తరగతి దాకా అన్ని తరగతుల్లోనూ చదువులో భాగం చెయ్యాలంది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మంది పిల్లలు దాటిన బడికి కళావిద్య నేర్పేవాళ్లు, పార్టుటైం అయినా సరే, ఉండాలని రాశారు. కాయితం మీద మా చోటు మాకుంది. బడిలో మాత్రం జెండా పండక్కి బోర్డు రాయడానికీ, ఇన్‌స్పెక్షనుకి గోడలు దిద్దడానికీ డ్రాయింగు మాస్టారు గుర్తొస్తాడు. ఆ పనులు సంతోషంగానే చేస్తాను. వాటికోసమే నేనున్నానంటే మాత్రం మనసు ఒప్పుకోదు.

లెక్కల మాస్టారు అడగబోయినవారు ఆగారు. గచ్చు వంక చూశారు. కళ్లజోడు పైకి తోసుకుని వంగారు.

"ఎన్ని చుక్కలమ్మా ఇవి?"

"పదిహేను నుంచి ఎనిమిదండి."

"మొత్తం?"

పిల్లకి తెలియదు. ఎవరికీ తెలియదు. ఆయన సుద్దముక్క తీసుకున్నారు. "నడిమి వరస 15. పైన 14 నుంచి 8 దాకా కూడితే ఎంతర్రా?" పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టారు. 77. "కిందా అంతే. 77, 77, 15." 169 అని నలుగురైదుగురు ఒక్కసారి అరిచారు. "పదమూడు పదమూళ్లు!" అని ఒక కుర్రాడు. మాస్టారు వాడి భుజం తట్టారు. కాసేపు అక్కడే నుంచుని, ముగ్గు చుట్టూ ఒకసారి తిరిగి, "దీన్ని చెరపనివ్వకండి మాస్టారూ, రేపు నా పీరియడు దాకా ఉంచండి" అని వెళ్లిపోయారు. పీరియడు సంగతి అడగలేదు.

ఇప్పుడు ఆ పిల్లని మళ్లీ బెంచీ దగ్గర కూర్చోబెట్టి, చెయ్యి గీయమన్నాను. ఎడంచెయ్యి బల్లమీద పెట్టింది, చూసింది. కాసేపటికి నెమ్మదిగా అంది.

"చేతికి చుక్కల్లేవు కదండి."

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. ఇరవై ఏళ్లుగా నేర్పుతున్నాను, నాకెన్నడూ తట్టలేదు. రాదన్న పిల్ల తనకేది కావాలో అంత కచ్చితంగా చెప్పింది.

"ఉన్నాయమ్మా. కణుపులు చూడు. వేలు మడిచిన చోటల్లా ఒక చుక్క."

ఒక్కో కణుపూ తడుముకుని లెక్కపెట్టింది. వేళ్లు అరచేతిలో కలిసే చోట అయిదు, వాటి పైన తొమ్మిది, మొత్తం 14. వేలికొసలకి ఇంకో అయిదు. షీటు మీద ముందు ఆ 19 చుక్కలు పెట్టింది, వాకిట్లో పెట్టినట్టే, నడిమి వేలితో మొదలెట్టి అటూ ఇటూ. తర్వాత వాటి చుట్టూ గీత తిప్పింది. ఇందాక మిగతావాళ్ల చేతుల్లా తడబడ్డ గీత కాదు, ముగ్గుగీతలా గుండ్రంగా, ఆగకుండా వచ్చింది. చూపుడు వేలు పొడవెంతో, బొటనవేలు ఎక్కడ విడిపోతుందో సరిగ్గా పడింది. షీటు మీద చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. పక్కపిల్ల ఏమీ అనలేదు, తన షీటూ ఆ షీటూ మార్చి మార్చి చూస్తోంది.

వాన సన్నబడింది. రండి, వరండాలోకి వెళదాం. పిల్లల్ని వరసగా కూర్చోబెట్టాను. ఎదురుగా కాంపౌండు గోడ దగ్గర కొబ్బరిచెట్టు, బడి కట్టినప్పటిదట. ఒక్కొక్కరికీ ఒక బొగ్గుముక్క ఇచ్చాను. ఇది ఇస్త్రీబండి ఆయన దగ్గర తెచ్చిన చిప్పబొగ్గు. ఈ తరగతిలో ముప్పయ్యారు రంగుల స్కెచ్చుల డబ్బా తెచ్చే పిల్లాడున్నాడు, అరిగిన పెన్సిలుకి పెన్ను గొట్టం తొడిగి వాడే పిల్లాడున్నాడు. బొగ్గుముందు ఇద్దరూ ఒకటే. పైగా కొబ్బరిచిప్ప బొగ్గుతో కొబ్బరిచెట్టు వెయ్యడం నాకిష్టం.

"గీయకండి ముందు. చెట్టు మాను ఏ రంగు?"

"బ్రౌనండీ!" తరగతంతా ఒకేసారి.

"చూసి చెప్పండి."

నిశ్శబ్దం. తర్వాత ఒక గొంతు. "బూడిదరంగండి." ఇంకొకటి. "ఇటేపు పచ్చగా ఉందండి, పాచి." "తెల్ల మచ్చలున్నాయండి." "వాననీళ్లు కారినచోట నల్లగా ఉందండి." చూస్తూ పోయేకొద్దీ చెబుతూనే ఉన్నారు. చెట్టు మొత్తం వెతికినా క్రేయాను డబ్బాలోని బ్రౌను ఎక్కడా దొరకలేదు, ఒక్క ఎండుమట్ట మొదట్లో తప్ప.

నా ఆరో తరగతిలో నేనొక సాయంత్రపు చేను బొమ్మ వేశాను. నీళ్లు పెట్టిన దమ్ముచేలో గట్టు నీడ నీలంగా కనబడింది నాకు, నీలమే వేశాను. మా మాస్టారు ఎర్రపెన్నుతో దాన్ని అడ్డంగా కొట్టేసి, నీడ నల్లగా ఉంటుందని పక్కన రాశారు. ఇప్పటికీ దమ్ముచేలు చూసినప్పుడల్లా ముందు నీడవైపే చూస్తాను. నీలంగానే ఉంటుంది. పిల్లల షీటు మీద ఎర్రపెన్ను పెట్టకూడదని అప్పుడే అనుకున్నాను.

వీళ్లు బొగ్గు పట్టుకున్నారు. మూతులకి కూడా పూసుకున్నారు, ఏం పర్లేదు. ఇలా బయట కూర్చోబెడితే నాకు దామెర్ల రామారావు గుర్తొస్తారు. మనకి ఇక్కడికి దగ్గర్లోనే, రాజమండ్రిలో పుట్టాడాయన, 1897లో. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ కుర్రాడి చేతిని గుర్తించి, ప్రోత్సహించి, బొంబాయి జె.జె. ఆర్టు స్కూలుకి దారి చూపించాడు. ఆ దొర తనూ చిత్రకారుడే. అడివి బాపిరాజుగారూ ఆయన శిష్యుడే. రామారావు చదువుకుని తిరిగొచ్చి రాజమండ్రిలోనే చిత్రకళాశాల పెట్టి నేర్పాడు. 1925లో మసూచికంతో పోయాడు, నిండా ఇరవయ్యెనిమిదేళ్లు లేవు. కిందటేడాది ఎనిమిదో తరగతి పిల్లల్ని ఆయన పేరిట ఉన్న గ్యాలరీకి తీసుకెళ్లాను. నందిపూజ, పుష్పాలంకారం, సిద్ధార్థ రాగోదయం ముందు నిలబెట్టాను. వాళ్లు ఎక్కువసేపు నిలబడింది మాత్రం గోదావరి బొమ్మ ముందు. "మన గోదారేనాండి?" అని ఒక పిల్లాడు మూడుసార్లు అడిగాడు. మన ఏరు కూడా ఫ్రేము కట్టించుకుని గోడకెక్కవచ్చని వాడికి అప్పుడే తెలిసింది. తిరుగు బస్సులో కిటికీలు పంచుకోవడానికి కొట్టుకున్నారు.

వరండా చివర, స్తంభం పక్కన కూర్చున్న కుర్రాణ్ణి చూడండి. మిగతావాళ్లు చెట్టుని నిలువుగా దించుతున్నారు. ఈ సారి అయిదు మట్టలు కాదు, కొందరు లెక్కపెట్టడానికి ప్రయత్నించి ముప్పై దాకా వచ్చి వదిలేశారు. వీడు మాత్రం చెట్టువైపు చూడ్డమే మానేశాడు. షీటు మీదికి పూర్తిగా వంగిపోయాడు. దగ్గరికి వెళ్లేసరికి గభాల్న షీటు తిరగేశాడు.

"తప్పొచ్చిందండి. ఇంకో షీటివ్వండి."

"చూడనీ."

"చెట్టు ఇలా ఉండదు కదండి."

బొమ్మ తిప్పాను. షీటు అడుగున ఈ అంచు నుంచి ఆ అంచు దాకా మాను. అంత లావు. దాని మీద అడ్డంగా గాట్లు, ఒక్కొక్కటీ వేలెడేసి. పైకి పోయేకొద్దీ మాను సన్నబడుతూ, గాట్లు దగ్గరదగ్గరవుతూ, షీటు నడిమికొచ్చేసరికి దారమంత అయిపోయింది. అక్కడినుంచి నాలుగు దిక్కులకీ మట్టలు, బండిచక్రం ఆకుల్లా. ఆ చక్రం కింద రెండు చిన్న పాదాలు. అరికాళ్లు మాత్రమే, వాటి మధ్య తాడు బందం. మనిషి కనబడడు. కుడివైపు మూల, షీటులో సగం ఆక్రమించి ఒక పెద్ద గుండ్రటి నలుపు.

"ఇదేంటి?"

"కాయండి. పడతందండి."

"ఎవరివిరా ఈ కాళ్లు?"

"మా నాన్నయండి. దింపుకెల్తాడండి. ఆదివారం నేనూ ఎల్తానండి, కాయలేరడానికి."

"కింద నుంచుని చూస్తే చెట్టెలా ఉంటుంది?"

వాడు షీటు వంక చూశాడు. "ఇలాగే ఉంటాదండి."

ఇటలీలో మాంటెన్యా అనే చిత్రకారుడు మాంటువా కోటలో ఒక గది కప్పు మీద, కింద నుంచున్నవాడు తలెత్తి చూస్తే పైనుంచి మనుషులు తొంగిచూస్తున్నట్టు వేశాడు. అది 1474 నాటి పని. దగ్గరది పెద్దగా, దూరపుది ముడుచుకుపోయినట్టు వెయ్యడం అంత సులువు కాదు, పెద్ద పెద్ద కళాశాలల్లో దీనికి వేరే పాఠాలుంటాయి. ఆ సంగతి వీడికి ఇవాళ చెప్పను. వీడు మాంటెన్యా కోసం వెయ్యలేదు. ఆదివారాలు తలెత్తి నుంచుని, నాన్న అరికాళ్లు చూస్తూ, కాయ ఎటు పడుతుందో కనిపెట్టుకుంటూ చూసిందే వేశాడు.

"ఈ గాట్లేమిట్రా?"

"మట్టలూడిన మచ్చలండి. ఏడాదికి పన్నెండో పధ్నాలుగో ఊడతాయంటండి. నాన్న వాటిమీదే కాలేత్తాడండి." వేలితో బొగ్గు మీద రుద్ది చూపించాడు. "ఇది జారుద్దండి, పాచి. వానాకాలం ఎక్కనివ్వదండి అమ్మ."

"ఇదే నీ బొమ్మ. తప్పేం రాలేదు."

నమ్మనట్టు చూశాడు. చుట్టూ ఉన్న షీట్లలోని నిలువు చెట్లని చూశాడు. తర్వాత బొగ్గు తీసి, ఆ పాదాల కింద ఇంకో రెండు గాట్లు దిద్దాడు.

చివరి బెల్లు. బల్లలు జరిగాయి, సంచులు లేచాయి, కుళాయి దగ్గర నల్లటి చేతులతో తోపులాట. లోపల గచ్చు మీద ముగ్గు చుట్టూ ఎవరో చాక్‌పీసుతో గీత గీసి "తొక్కకండి" అని రాశారు. నేను షీట్లు తీసుకుంటున్నాను. ఆ కుర్రాడు తనది ఇచ్చి వెళ్లలేదు, స్తంభానికి ఆనుకుని నుంచున్నాడు.

"ఏరా?"

"ఇంకో షీటిత్తారాండి?"

"ఇదే ఉండనీ అన్నాను కదా."

"ఇది కాదండి. నాన్న పైనుంచి చూత్తే నేనెలా కనబడతానో తెలీదండి. ఇంటికెళ్లి అడిగి ఏసుకొత్తానండి."

రెండు షీట్లిచ్చాను. ఒకవేళ తప్పొస్తే ఉంటుందన్నాను. వాడు వాటిని చుట్టచుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, చొక్కా లోపల దోపుకుని, మళ్లీ మొదలైన వానలోకి పరిగెత్తాడు.